పైన వల కట్టి లాంగ్ పాస్ నేర్పగలమా?

సంపాదకుల వారికి నమస్కారం.

గత సోమవారం మీ క్రీడల పేజీలో ఫుట్‌బాల్ ఆటతీరుల మీద వచ్చిన వ్యాసం చదివాను. రాసినవారికి చేయి తిరిగింది, చదివించారు. అయితే ఒక్క మాట మాత్రం ఎంతకీ మింగుడుపడలేదు. చిన్న చిన్న పాసులతో అల్లుకుంటూ వెళ్లేది మెదడున్న ఆట అట. వెనక నుంచి బంతిని దూరం పంపేది, అంటే లాంగ్ బాల్, మెదడు లేని బాదుడు అట. నేను బెంగళూరులో ఒక ప్రభుత్వరంగ కర్మాగారంలో తనిఖీ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. వయసులో ఉండగా ఆ కర్మాగారం జట్టుకు స్టాపర్‌గా ఆడాను. గోలు ముందు నట్టనడుమ నిలిచి ప్రత్యర్థి దాడిని ఆపే డిఫెండర్ అన్నమాట, ఇప్పటివారు సెంటర్ బ్యాక్ అంటున్న స్థానమే అది. ఆ మెదడు లేని బాదుడే నా ఆటలో సగం. కాబట్టి ఈ ఉత్తరంలో కాస్త కారం ఎక్కువైతే మన్నించండి.

ముందుగా వంశవృక్షం సంగతి. పాసుల ఆట మేధావుల ఆలోచనలోంచి ఊడిపడిందని మీ వ్యాసకర్త నమ్ముతున్నట్టున్నారు. 1872 నవంబర్ 30న గ్లాస్గోలో స్కాట్లాండ్, ఇంగ్లండ్ జట్లు తొలి అంతర్జాతీయ మ్యాచ్ ఆడాయి. స్కాట్లాండ్ ఆటగాళ్లందరూ క్వీన్స్ పార్క్ అనే ఒకే క్లబ్బువారు. అప్పట్లో ఇంగ్లీషువారి ఆట ఏమిటంటే, ఒకడు బంతిని కాళ్ల దగ్గర పెట్టుకుని తోసుకుపోవడం, మిగతావాళ్లు అతని వెనక గుంపుగా పరుగెత్తడం. ఒళ్లూ బరువూ చూసుకుంటే స్కాట్లాండ్ వాళ్లు తేలిక. ఢీకొంటే పడేది వాళ్లే. అందుకని ఢీకొనే అవసరం రాకుండా బంతిని ఒకరికొకరు అందించుకున్నారు. మ్యాచ్ ఒక్క గోలూ లేకుండా ముగిసింది. అంటే పాసుల ఆటకు పురుడు పోసింది బక్కవాళ్ల అవసరం.

అక్కడి నుంచి నూరేళ్లు దాటి 1988కి రండి. ఆ ఏడాది లీగ్ చాంపియన్ లివర్‌పూల్, పాసుల ఆటలో ఇంగ్లండ్‌లో దానికి ఎదురులేదు. ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ పోటీ అయిన ఎఫ్ఏ కప్ ఫైనల్లో దాని ఎదుట నిలిచింది వింబుల్డన్. 1977లో గాని లీగ్‌లో అడుగుపెట్టని క్లబ్బు అది, 1986కల్లా నాలుగో డివిజన్ నుంచి మొదటి డివిజన్ దాకా ఎక్కివచ్చింది. పేరున్న ఆటగాళ్లను కొనే స్తోమత లేదు. బంతిని నేరుగా ముందుకు కొట్టి, అది పడేచోట తోపులాటకు దిగడమే వాళ్ల పద్ధతి. లండన్ వెంబ్లీ స్టేడియంలో ఫ్రీకిక్‌కు లారీ సాంచెజ్ తల తగిలించిన ఒక్క గోలుతో కప్పు పట్టుకుపోయారు. చూడముచ్చటైన ఆట అని నేనూ అనను. కానీ 1872లో బక్కవాళ్లకు పాసు ఎలా అక్కరకొచ్చిందో, 1988లో పేదవాళ్లకు లాంగ్ బాల్ అలాగే అక్కరకొచ్చింది. ఒకదానికి దండ వేసి, రెండోదానికి దండన వేయడం ఏం న్యాయమండీ?

చార్లెస్ రీప్ పేరెత్తి ఒక్క వాక్యంలో వదిలేశారు మీ వ్యాసకర్త. తనిఖీ విభాగంలో ఉద్యోగం చేసినవాడిగా ఆ మహానుభావుడి మీద నాకు ప్రత్యేకమైన ఆసక్తి ఉంది. ఆయన బ్రిటిష్ వైమానిక దళంలో లెక్కల అధికారి. 1950 మార్చి 18న స్విండన్‌లో మ్యాచ్ చూస్తూ, స్విండన్ జట్టు దాడులన్నీ వమ్మవుతుంటే విసుగెత్తి, రెండో సగం మొదలవగానే నోటు పుస్తకం తీశారు. ఏ దాడిలో ఎన్ని పాసులు, ఎక్కడ ఆగింది అని గీతలు గీసుకోవడం మొదలుపెట్టి ఏళ్ల తరబడి మానలేదు. 1968లో బెర్నార్డ్ బెంజమిన్ అనే గణాంక నిపుణుడితో కలిసి రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ పత్రికలో ఆ లెక్కలు ప్రచురించారు. గోల్స్‌లో సుమారు 80 శాతం మూడు లేక అంతకంటే తక్కువ పాసులతోనే వస్తున్నాయని తేల్చారు. ఇక నాలుగో పాసు దేనికి, బంతిని త్వరగా ముందుకు చేర్చండి అన్నారు. ఇంగ్లండ్‌లో కొన్ని తరాల కోచ్‌ల మీద ఈ ఆలోచన ప్రభావం పడింది.

ఇందులో మెలిక ఉంది. మా తనిఖీ బల్ల మీదికి తిరస్కరించిన భాగాలు నూరు వస్తే, అందులో ఎనభై భాగాలు ఒకటో నంబరు లేత్ యంత్రానివి అనుకోండి. కొత్తగా చేరిన కుర్రాడు వెంటనే ఆ లేత్ పాడైందని రాసేస్తాడు. సీనియర్ మాత్రం ముందు ఒక ప్రశ్న అడుగుతాడు: షాపులో తయారయ్యే మొత్తం భాగాలలో ఆ లేత్ వాటా ఎంత? నూటికి తొంభై ఒకటి దానివేనని తేలితే, తప్పు పట్టాల్సింది మిగతా యంత్రాలనే. రీప్ లెక్కల్లోనూ సరిగ్గా ఇదే జరిగింది. నాలుగో పాసు దాకా రాకుండానే ముగిసే దాడులు మొత్తంలో 91 శాతం పైచిలుకని ఆయన పట్టికలే చెబుతున్నాయి. తొంభై ఒకటి వంతుల దాడులు ఎనభై వంతుల గోల్సే ఇచ్చాయి, మిగిలిన తొమ్మిది వంతులలోపు దాడులు ఇరవై వంతులు ఇచ్చాయి. పాసులు పెరిగిన దాడికే ఫలం ఎక్కువన్నమాట. ఆయన గీతలన్నీ నికార్సైనవి, తీర్పు తలకిందులైంది.

చూశారా, నేను అన్నదీ అదే కదా అని మీ వ్యాసకర్త చంకలు గుద్దుకోనక్కర్లేదు. వరసగా అయిదారు పాసులు వేయగలిగేది ఎవరు? ముందే బలమైన జట్టు. బలమైన జట్టుకు గోల్స్ ఎలాగూ ఎక్కువ వస్తాయి. ఆ ఘనత పాసుల సంఖ్యదా, పాసులు వేసిన కాళ్లదా అన్నది ఈ లెక్క విడదీసి చెప్పదు. పైగా ప్రత్యర్థి గోలు ముందే బంతిని లాక్కున్నవాడికి మూడు పాసులే ఎక్కువ.

ఇక మెదడు సంగతి. ఎగిల్ ఓల్సెన్ నార్వే జట్టుకు కోచ్‌గా ఉన్న రోజులు గుర్తున్నవాళ్లు మీ పాఠకుల్లో కొందరైనా ఉంటారు. రబ్బరు బూట్లు వేసుకుని గీత పక్కన నిలబడే మనిషి. యోస్తైన్ ఫ్లో అనే పొడగరి ఫార్వర్డ్‌ను ఆయన తెచ్చి కుడి వింగ్‌లో పెట్టారు. అంత పొడగరిని మధ్యలో కాకుండా గీత పక్కన పెట్టడం ఏమిటని ఎవరికైనా అనిపిస్తుంది. కిటుకు అక్కడే ఉంది. మధ్యలో అయితే అతణ్ణి కాచుకునేది నాలాంటి పొడుగు స్టాపర్. వింగ్‌లో అయితే సాధారణంగా కాస్త పొట్టిగా ఉండే ఫుల్‌బ్యాక్, అంటే పక్క గీత వైపు కాచే డిఫెండర్. ఎడమ బ్యాక్ బ్యోర్నెబీ మైదానానికి అడ్డంగా ఏటవాలుగా బంతిని లేపుతాడు, ఫ్లో తలతో లోపలికి దించుతాడు, ఆ దించిన బంతి కోసం మిడ్‌ఫీల్డర్లు ముందే పరుగు అందుకుని ఉంటారు. ఆ పద్ధతితో నార్వే 1993లో ఓస్లోలో ఇంగ్లండ్‌ను 2-0తో ఓడించింది, అదే ఏడాది ప్రపంచ ర్యాంకింగ్‌లలో రెండో స్థానానికి చేరింది. 1998 ప్రపంచ కప్‌లో మార్సెయ్‌లో బ్రెజిల్‌ను 2-1తో ఓడించింది. ఆ ఆటలో అందం లేదంటే నేను వాదించను. మెదడు లేదంటే మాత్రం ఊరుకోను.

పాసుల ఆటను దేవుడి గదిలో పెట్టి పూజించేవారికి స్పెయిన్ ఉంది. 2008, 2012 యూరో కప్పులు, నడుమ 2010 ప్రపంచ కప్పు. షావి, ఇనియెస్తా ఆడుతుంటే నేనూ రాత్రులు మేలుకుని చూసినవాణ్ణే. అదే స్పెయిన్ 2014లో సాల్వదోర్‌లో నెదర్లాండ్స్ చేతిలో 5-1తో చిత్తయింది. ఆ పతనానికి మొదటి దెబ్బ ఏమిటి? ఎడమవైపు సగం గీత దగ్గర నుంచి డేలీ బ్లింట్ లేపిన లాంగ్ పాస్. వాన్ పెర్సీ గాలిలోకి దూకి తలతో కొడితే బంతి గోల్‌కీపర్ కసియాస్ మీదుగా వెళ్లి వలలో పడింది. నలభై గజాల ఆ పాసును కూడా బాదుడు అనే అంటారా? నాలుగేళ్ల తర్వాత మాస్కోలో రష్యా మీద స్పెయిన్ వెయ్యికి పైగా పాసులు వేసింది. వాళ్ల ఖాతాలో పడిన ఒక్క గోలూ రష్యా స్టాపర్ ఇగ్నషేవిచ్ సొంత వలలోకి పంపినది. చివరికి పెనాల్టీలలో ఓడి ఇంటికి వెళ్లారు.

మనవాళ్ల దగ్గరికి వస్తాను. హైదరాబాదు రహీమ్ సాహెబ్ పేరు మీ వ్యాసంలో లేకపోవడం తెలుగు పత్రికకు చిన్న లోటు కాదు. బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదుసార్లు ముంబైలో జరిగే రోవర్స్ కప్ టోర్నీ గెలిచింది. డ్రిబ్లింగ్ చేయకూడదని, అంటే బంతిని ఒక్కడే కాళ్ల దగ్గర పెట్టుకుని తోసుకుపోకూడదని, బలహీనమైన కాలితోనే ఆడాలని షరతులు పెట్టి ఆయన పోటీలు నడిపేవారని మా పెద్దలు చెప్పుకునేవారు. ఒక్క తాకుడుతో పాసు వేయించడం ఆయన ప్రాణం. అంతటి పాసుల గురువు 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఏం చేశారో చూడండి. స్టాపర్ జర్నైల్ సింగ్‌కు ఆట మధ్యలో తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీమ్ ఆయనను పక్కన కూర్చోబెట్టకుండా సెమీఫైనల్‌కూ ఫైనల్‌కూ సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, సికింద్రాబాద్ బలరాం ఉన్న దాడిలో నట్టనడుమ ఒక స్టాపర్! సెమీఫైనల్లో గోలు కొట్టాడు, దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచిన ఫైనల్లోనూ కొట్టాడు. ఆ జట్టులో మా బెంగళూరు అరుమైనాయగం కూడా ఉన్నాడు. రహీమ్ ఏ శైలికీ బానిస కాదు. చేతిలో ఎవరున్నారు, ఎదుట ఎవరున్నారు అన్నదే చూసుకున్నారు.

బెంగళూరుకు ఈ చర్చ కొత్తదేమీ కాదు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ మీద మనకు గోలు తెచ్చిన సారంగపాణి రామన్ ఇక్కడివాడు, అహ్మద్ ఖాన్ ఇక్కడివాడు. ఆ జట్టులో చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. వట్టి కాలితో నీళ్లు తాగిన తోలు బంతిని నలభై గజాలు లేపమంటే ఎవరి తరం? అప్పటి మన ఆట నేల మీదే సాగిందంటే కారణం కాలికి బూటు లేకపోవడం కూడా. 2013లో పుట్టిన బెంగళూరు ఎఫ్‌సీ ఇంగ్లీషు కోచ్ ఆష్లే వెస్ట్‌వుడ్ కింద మొదటి సీజన్‌లోనే అప్పటి జాతీయ లీగ్ అయిన ఐ-లీగ్ గెలిచింది. తర్వాత స్పెయిన్ నుంచి వచ్చిన ఆల్బర్ట్ రోకా పాసుల బడి పెట్టి 2016లో ఆసియా క్లబ్బుల పోటీ అయిన ఏఎఫ్‌సీ కప్ ఫైనల్ దాకా తీసుకెళ్లాడు. 2019 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్ ముంబైలో జరిగింది. ప్రత్యర్థి గోవా, ఆ రోజుల్లో దేశంలో పాసుల ఆటకు మారుపేరు. అదనపు సమయం చివర్లో కార్నర్‌కు డిఫెండర్ రాహుల్ భేకే తల తగిలించాడు, కప్పు మాది. అప్పుడు కోచ్ కూడా స్పెయిన్ మనిషే. గౌతంపురలో పెలే విగ్రహం పెట్టుకున్న నగరం మాది, అయినా ఆ రోజు ఆ గోలు అందంగా లేదని ఎవరూ మొహం తిప్పుకోలేదు.

ఇంతవరకూ వాదన. నేను కలం పట్టింది అందుకోసం మాత్రమే కాదు.

సర్జాపుర రోడ్డు వెంట, హెచ్ఎస్ఆర్ లేఔట్‌లో, వైట్‌ఫీల్డ్‌లో, భవనాల పైకప్పుల మీద కూడా, గంటకు ఇంత అని అద్దె తీసుకునే ‘టర్ఫ్’లు వెలిశాయి. ఆకుపచ్చ తివాచీ పరచి, నాలుగు వైపులా వల కట్టి, బంతి పక్కింటి కిటికీ పగలగొట్టకుండా పైన కూడా వల బిగిస్తారు. నగరంలో పిల్లలకు ఫుట్‌బాల్ అంటే ఇప్పుడు చాలావరకు ఇదే. మా చెల్లెలి మనవడు అలాంటి ఒక శిక్షణ కేంద్రానికి వెళతాడు. ఒకరోజు వాణ్ణి దింపడానికి వెళ్లి అక్కడి కోచ్‌ను పలకరించాను. కడప వైపు కుర్రాడు, మర్యాదస్తుడు.

“పిల్లలు బంతిని ఒక్కసారి కూడా పైకి లేపడం లేదేం బాబూ?” అని అడిగాను.

“పైన వల ఉంది కదండీ. తగిలితే ఫౌల్. అందుకే నేల మీదే ఆడమని చెబుతాం సార్.”

“మరి పెద్ద మైదానంలో ఆడాల్సి వస్తే?”

“అప్పుడు అదే వచ్చేస్తుంది లెండి.”

రాదు సంపాదకుల వారూ, అదే రాదు. ఆ పిల్లలే కొన్ని వారాలకు మా ఆస్టిన్ టౌన్ వైపు ఒక మట్టి మైదానానికి మ్యాచ్ ఆడటానికి వచ్చారు. కాళ్లలో ఒడుపు ఉంది, ఇద్దరి మధ్య నుంచి పాసు దూర్చే తెలివి ఉంది. కాదని ఎవరంటారు? గోల్ కిక్ వచ్చింది, అంటే ఎదుటివాళ్లు కొట్టిన బంతి గోల్ గీత దాటి బయటికి పోతే గోలు ముందు నుంచి మళ్లీ ఆట మొదలుపెట్టే తన్ను. 2019లో నిబంధన మారినప్పటి నుంచి గోల్‌కీపర్ కొట్టిన బంతిని పెనాల్టీ ఏరియా లోపలే తోటివాడు అందుకోవచ్చు. టీవీలో పెద్ద జట్లు చేసేది చూసి వీళ్లూ అలాగే మొదలుపెట్టారు. గీత అవతల నుంచి కోచ్ “కింద నుంచే, కింద నుంచే” అని కేకలు. గోల్‌కీపర్ పక్కనున్న బ్యాక్‌కు మెల్లగా తోశాడు. బంతి దొర్లుతూ వచ్చి గులకరాయి మీద పడి మోకాలి ఎత్తు ఎగిరింది. వాడు అరికాలితో ఆపబోయాడు, కాలి కింద ఏమీ లేదు. ఎదుటి జట్టు ఫార్వర్డ్ వచ్చి వేలితో పొడిచినట్టు లోపలికి నెట్టేశాడు. మళ్లీ గోల్ కిక్ వస్తే మళ్లీ అదే వరస. మూడో గోలు పడ్డాక లెక్క మానేశాను.

నన్ను కలవరపెట్టింది ఆ గోల్స్ కాదు. కుడివైపు గీత మీద ఆ జట్టు పిల్లవాడొకడు మ్యాచ్ పొడుగునా చేయి పైకెత్తి ఒంటరిగా నిలబడ్డాడు. ప్రత్యర్థులంతా ఇవతలికి ఎగబడి ఉన్నారు. వాడి ముందు సగం మైదానం ఖాళీ. ఒక్క మంచి లాంగ్ పాస్ వాడికి చేరితే గోల్‌కీపర్ తప్ప అడ్డు లేదు. చూసినవాళ్లు లేక కాదు, వాళ్ల స్టాపర్ తల ఎత్తి చూడనే చూశాడు. చూసి, మళ్లీ పక్కవాడికే తోశాడు. ముప్ఫై అయిదు గజాలు బంతిని లేపి పంపడం ఆ పదకొండు మందిలో ఒక్కరికీ రాదు. ఆ సంగతి ఎదుటి జట్టుకు పది నిమిషాల్లో తెలిసిపోయింది, ఇక వాళ్లు వెనక్కి తగ్గాల్సిన పనే లేకపోయింది. లాంగ్ పాస్ భయం ఉంటేనే ప్రత్యర్థి డిఫెన్స్ వెనక్కి జరుగుతుంది, అది జరిగితేనే నడుమ చోటు దొరుకుతుంది, ఆ చోటులోనే మీరు మెచ్చుకునే పొట్టి పాసులు సాగుతాయి.

ఈ విద్య ఊరికే వచ్చేది కాదు. వట్టి బలంతో వచ్చేదీ కాదు. ఆనుకునే కాలు బంతికి పక్కగా, ఒక జానెడు దూరంలో, కాస్త వెనకగా పడాలి. పరుగు నేరుగా రాకూడదు, ఏటవాలుగా రావాలి. తగలాల్సింది కాలివేళ్లు కాదు, బొటనవేలి మొదట్లో లోపలివైపు ఉండే గట్టి ఎముక. అది బంతి నడుముకు కింద తగలాలి. ఒళ్లు కొద్దిగా వెనక్కి వాలాలి, ఎక్కువ వాలితే బంతి కొబ్బరిచెట్టెక్కుతుంది, అసలు వాలకపోతే మొదటివాడి పొట్టకు తగులుతుంది. తగిలాక కాలు ఆగిపోకుండా ముందుకు సాగాలి. అంతా సరిపోతే బంతి వెనక్కి తిరుగుతూ వెళ్లి, దిగేటప్పుడు నెమ్మదిస్తుంది. అందుకునేవాడి ఛాతీ మీద మెత్తగా వాలుతుంది. అలా వాలిందా, రాయి విసిరినట్టు పడిందా అన్నదే పాసుకూ బాదుడుకూ తేడా. ఆదివారాలు పొద్దున్నే మా పేట పిల్లలకు నేను నేర్పేది ఇదొక్కటే. అందులో బాగా పట్టుబడింది ఎనిమిదో తరగతి అమ్మాయికి. ఆమె కంటే నిండా జానెడు ఎత్తున్న అబ్బాయిల బంతి ఆమె బంతికి సగం దూరం వెళ్లదు. బలంతో వచ్చే విద్య కాదన్నది అందుకే.

వెనక నుంచి ప్రతి బంతినీ గుడ్డిగా ముందుకు కొట్టించి, పన్నెండేళ్ల పిల్లల కప్పు గెలిచి మీసం తిప్పే కోచ్‌లూ ఉన్నారు. ముందు ఒక పొడుగు పిల్లవాణ్ణి నిలబెట్టి, మిగతా పదిమందికి బంతిని ఆపడం కూడా నేర్పరు. వాళ్లను నేను వెనకేసుకు రావడం లేదు. పదేళ్లలోపు పిల్లలు చిన్న మైదానంలో పొట్టి పాసులే నేర్చుకోవాలి, అందులో రెండో మాట లేదు. ఆ తర్వాతైనా ఆకాశం కనిపించే మైదానం కావాలి కదా? నగరంలో పెద్ద మైదానాలు ఎన్ని మిగిలాయి, మిగిలినవాటిలో పిల్లలను పెళ్లిళ్ల పందిళ్లూ వాహనాల పార్కింగూ లేకుండా ఆడనిచ్చేవి ఎన్ని? ఆదివారం నాడు తాళం వేసి ఉండే బడి మైదానాలు మా చుట్టుపక్కలే ఉన్నాయి. గేటు సందులోంచి చూస్తే గోల్ స్తంభాలు కూడా కనిపిస్తాయి. పొద్దున ఆరు నుంచి తొమ్మిది వరకు ఆ గేట్లు తెరిస్తే ఎవరి సొమ్ము పోతుంది? మీ బెంగళూరు విలేకరి ఒక ఆదివారం తిరిగి ఈ సంగతి రాస్తే, శైలుల మీద పది వ్యాసాల కంటే ఎక్కువ పని జరుగుతుంది. ఆయన వస్తానంటే తాళాలు ఎక్కడున్నాయో నేనే వెంట ఉండి చూపిస్తాను.

ఇంకొక చిన్న విన్నపం. మీ మ్యాచ్ వార్తల్లో గోలు కొట్టినవారి పేరు, నిమిషం వేస్తారు. బంతి ఎవరు అందించారో కూడా వేయండి, ఎక్కడ నుంచి అందించారో ఒక్క మాటలో రాయండి. ఇప్పటి పద్ధతి ప్రకారం స్టాపర్ పేరు పేపర్లో పడాలంటే ఆ ఇగ్నషేవిచ్ మాదిరి సొంత వలలోకి కొట్టుకోవాలి.

ఇట్లు,
ఒక పాత స్టాపర్,
ఆస్టిన్ టౌన్, బెంగళూరు.